నాంచారమ్మ మగ్గం వినపడడం లేదు

ఒకటి

రాసుకో. నా పేరు బీరక చౌడమ్మ. మగ్గాల వరుసలో మూడో ఇల్లు. నాకు చదువు రాదు. వేలిముద్ర వేద్దామంటే దారం లాగి లాగి వేళ్ళ గీతలు అరిగిపోయాయి, మీ అద్దం మీద పడవు. అందుకే నోటితో చెబుతున్నాను. నువ్వు ఫిర్యాదు పెట్టెవి. వినడం, రాయడం, కచేరీకి పంపడం నీ పని. నా మాటల్ని పుస్తకంలో మాటల్లా దిద్ది రాస్తావని నాకు తెలుసు. దిద్దుకో. కోపం మాత్రం తీసెయ్యకు. పోయినసారి మీ కచేరీలో ఒక్కడికీ చెవులు లేవని నేనంటే, వినికిడి గురించి విన్నపం అని రాశావు. ఈసారి అలా రాస్తే నీ మీద నీకే ఫిర్యాదు చేస్తాను.

సంగతి ఇది. సముద్రం మా ఊరిని తీసుకున్నాక మమ్మల్ని ఈ గుట్ట మీదికి తెచ్చి, తొందర తొందరగా ఈ ఇళ్ళు కట్టారు. వరుస మొత్తానికి ఒకటే రేకు కప్పు, ఒకటే అటక. ఇళ్ళ మధ్య గోడల్ని దూలాల దాకా లేపి అక్కడితో ఆపేశారు. పైన ఈ చివరి నుంచి ఆ చివరికి అంతా ఖాళీ. రేవు నుంచి సరుకు మోసే ఆకాశబళ్ళు సరిగ్గా మా కప్పు మీదుగానే పోతాయి. బండి పోయినప్పుడల్లా ఆ మోత అటకలో దూరి, బయటికి దారి తెలియని ఎద్దులా ఇటూ అటూ పొర్లేది. అలమరలో గిన్నెలు గలగలలాడేవి. ఇక మంటకాలంలో ఆ అటక పొయ్యి. చలువ యంత్రం ఎంత తిరిగినా పైనుంచి సెగ దిగుతూనే ఉండేది. మధ్యాహ్నానికే వరుసకిచ్చిన చలువ వాటా అయిపోయి, అందరం తడిబట్టలు కప్పుకుని కూర్చునేవాళ్ళం.

అందుకని చలువ కచేరీ వాళ్ళు అటక కూరించారు. అది తప్పని నేననను. పనివాళ్ళు లావుపాటి గొట్టం ఎక్కించి, వడ్ల ఊకని నలిపి చేసిన బూడిదరంగు దూదిని గుమ్మరించారు. దాన్ని ఊకదూది అంటారట. నిలబడిన మనిషి రొమ్ము దాకా కూరారు. ఆ సాయంత్రం నుంచి ఆకాశబండి పోయినట్టు కిటికీలో నీడ చూసి తెలుసుకోవాలే తప్ప మోత లేదు. చలువ యంత్రం సగం పొద్దు నిద్రపోతోంది. బాగుంది. ఆ పనివాళ్ళకి మజ్జిగ కూడా ఇచ్చాను.

కానీ నా ఇంటికీ నాలుగో ఇంటికీ మధ్య గోడ ఉందే, దాని పైన నల్లటి పలకలు నిలబెట్టారు. ఒకటి నా వైపు, ఒకటి ఆ వైపు, మధ్యలో మళ్ళీ ఊకదూది. ఇంకే గోడ మీదా లేవు. ఇక్కడే ఎందుకని ఒక పనివాణ్ణి అడిగితే, పైనుంచి వచ్చిన ఆర్డరు మామ్మా, మాకేం తెలుసు అన్నాడు.

నాలుగో ఇల్లు నాంచారమ్మది. ఆ సాయంత్రం నుంచి నాంచారమ్మ మగ్గం వినపడడం లేదు.

ఆ పలకలు తీసెయ్యాలి. కారణం అడుగుతావా? కారణం చెప్పను. తీయమంటున్నాను, తీయండి.

రెండు

కచేరీ జవాబు పెట్టె చదివి వినిపించింది. ఆ పలకలు వేయమని అడిగింది నేనేనట.

ఇన్నేళ్ళ నా ఫిర్యాదులన్నీ ఒకదాని వెంట ఒకటి చదివింది. నాంచారమ్మ మగ్గం తెల్లారకముందే మోగుతోంది. నాంచారమ్మ మగ్గం పొద్దెక్కినా మోగడం లేదు, ఒళ్ళు బరువు. దాని మగ్గం పలక దెబ్బకి నా గోడ మీద చౌడేశ్వరి పటం వంకరపోతోంది. తర్వాత నా మీద నాంచారమ్మ చేసినవి చదివింది. చౌడమ్మ దగ్గుతూ నేస్తుంది, నా లెక్క తప్పుతోంది. చౌడమ్మ పాడుతోంది, ఆపించండి. వరుసలో అన్నిటికన్నా పెద్ద శబ్ద సమస్య మా ఇద్దరిదేనని, మా బాధ చూడలేక ప్రత్యేకంగా రెండు పలకలు మంజూరు చేశారట. సంతోషం తెలిపితే నమోదు చేసుకుంటారట.

రాసుకో, మీకు అర్థమయ్యేలా చెబుతాను. మా వాళ్ళలో మాట మానుకున్న ఆడవాళ్ళు ఒకరి మొహం చూసి ఒకరు మాట్లాడరు. అలాగని మాట్లాడకుండానూ ఉండరు. ఒకరికి వినపడేటట్టు ఇంకొకరు గోడతోనో కుండతోనో మాట్లాడతారు. ఈ వరుసలో ఆ కుండ నువ్వు. నేను పొద్దున ఫిర్యాదు చేస్తే సాయంత్రానికి నువ్వు దాని ఇంట్లో చదువుతావు. అది చేస్తే నా ఇంట్లో చదువుతావు. నేను దగ్గుతున్నానని అది ఫిర్యాదు చేసిన మర్నాడు, శొంఠి పొడి పొట్లం ఒకటి నా గుమ్మంలో ఉంది. ఎవరు పెట్టారని నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు. అది సమస్య కాదు. అది మా పలకరింపు.

ఇప్పుడేమో సమస్య పరిష్కారమైంది, నాలుగో ఇంటి మీద శబ్దం గురించి ఇక ఫిర్యాదు తీసుకోలేమంటున్నావు. అటకా మూశారు, నోరూ మూశారు.

వెళ్ళి చూసి రావచ్చు కదా అంటావేమో. తలుపు ఎక్కడుంది నాకు? మంటకాలం మొదలైతే డెబ్బై దాటిన వాళ్ళ తలుపులు మీరే గడియ వేస్తారు. తొలివాన పడేదాకా తీయరు. పోయిన ఏటి ఎండకి పోయిన వాళ్ళ పేర్లు చెప్పి నన్ను ఒప్పించారు. అన్నం డబ్బా కిటికీలో పెట్టి పోయే యంత్రానికి చెవులు లేవు.

మూడు

మా ఇద్దరిదీ జంట దుప్పటి నేత. పెళ్ళిమంచం మీద పరిచే దుప్పటి. మంచం వెడల్పుకి గుంట మగ్గం చాలదు కనుక రెండు సగాలుగా నేసి మధ్యలో కుట్టాలి. ఆ సగాలు ఇద్దరు ఆడవాళ్ళు ఒకే కాలంలో నేయాలి. ఒక్క మనిషే రెండూ నేస్తే దాన్ని పెళ్ళిమంచం మీద పరచరు. కుట్టినప్పుడు ఎర్రచార ఎర్రచారతో, పసుపుచార పసుపుచారతో కలవాలి. వెంట్రుకంత ఎడం వచ్చినా తిప్పి పంపిస్తారు.

అందుకు మాకో పద్ధతి ఉంది. చార వేసే చోటు రాగానే ఒకరు పేక దారం లేకుండా మగ్గం పలకని ఒక్కసారి వట్టిగా కొడతారు. అది ముందు దెబ్బ. వినగానే రెండోవాళ్ళు రెండు కొడతారు. అది జవాబు. జవాబు అందాక ఇద్దరం రంగు దారం చుట్టిన కండెలు ఎక్కించుకుని, ఒకరి దెబ్బ ఒకరు వింటూ చార పూర్తి చేస్తాం. అటక మీదుగా దాని దెబ్బ నా నడినెత్తిన దిగేది. చూడకుండానే దాని చేయి ఎక్కడుందో చెప్పగలను.

మేం మాట మానుకున్నది కూడా ఆ ముందు దెబ్బ మీదే. ఈ గుట్ట మీదికి వచ్చిన కొత్తలో పట్నం నుంచి ఒకాయన నేత చూడడానికి వచ్చి, ఇద్దరిలో ముందు దెబ్బ ఎవరిదని అడిగాడు. నాదని నేనన్నాను. నాదని అదంది. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. మేం ఇప్పటిదాకా తేల్చుకోలేదు. చార దగ్గరికొచ్చేసరికి అది కొట్టేలోపు నేను కొట్టాలని నేను, నేను కొట్టేలోపు తను కొట్టాలని అది. అలా పరుగులు పెట్టి నేసినవే ఆ దుప్పట్లన్నీ.

ఈ వారం ముందు దెబ్బ కొట్టి కూర్చున్నాను. జవాబు లేదు. నా చెవికి నా ఊపిరే వినపడింది. సరే, దానికీ వినపడదు కదా అని కొలకర్ర పెట్టి కొలిచి చారలు వేశాను. కొలిచి నేయడం నేతా? కరీమా రెండు సగాలూ పక్కపక్కన పెట్టి చూసి, కిటికీలోంచి నాకు చూపించింది. కరీమా రెండో ఇంటి పిల్ల. దుప్పట్లు కుట్టేది తనే. చారలు మెట్లలా ఎక్కుతూ పోయాయి.

"ఏంది మామ్మా ఇది," అంది. "కళ్ళు మూసుకుని నేశారా ఇద్దరూ?"

చెవులు మూసి నేయించారు అన్నాను.

నాలుగు

కారణం ఇచ్చాను కదా. పని పోతోందని చెప్పాను కదా. ఇప్పుడు వరుసంతా ఒప్పుకోవాలంటారా?

అటక ఒక్కచోట తెరిచినా ఊకదూది జారి, చలువ కారిపోయి, వరుస మొత్తం పాత లెక్కలోకి పడుతుందట. వాటా మళ్ళీ మధ్యాహ్నానికే అయిపోతుందట. కనుక ఇంటింటికీ ఓటు. పెట్టె ముందు నిలబడి ఊ అనడమో ఊహూ అనడమో.

ఓటుకి ముందు కరీమాని కిటికీ దగ్గరికి పిలిచాను. బతిమాలడం నాకు రాదు, ఓటు వేయమని గద్దించాను. ఆ పిల్ల చంకలో బిడ్డ తల వాల్చి పడుకుని ఉంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ బిడ్డ ఆకాశబండి పోయినప్పుడల్లా ఉలిక్కిపడి ఏడ్చేది. ఆ ఏడుపు కూడా అటక మీదుగా నాకు వినపడేది.

"మామ్మా, నువ్వు ఏమడిగినా చేస్తా," అంది కరీమా. "ఇదొక్కటి అడగబాక. నా బిడ్డ ఇప్పుడిప్పుడే నిద్ర నేర్చుకుంటా ఉండాది."

నేను తిట్టాలి. తిట్టు నాలుక మీదికి వచ్చింది కూడా. బిడ్డ నోరు కొద్దిగా తెరిచి ఉంది. నుదుటి మీద చెమట చుక్క లేదు. పో అన్నాను. పోయి పడుకోబెట్టు అన్నాను.

ఊ అన్నది ఒక్క ఇల్లు. మూడోది. నాలుగో ఇంటి ఓటు ఏమైందని అడిగితే జవాబు రాలేదని చెప్పావు. జవాబు రాకపోవడమేమిటి? నేను ఊ అన్నానని తెలిస్తే ఊహూ అని అరవడానికైనా అది లేచి వచ్చి ఉండాలి.

పెట్టే, నాంచారమ్మ ఎలా ఉందో చెప్పు. ఒకరి ఒంటి సంగతి ఒకరికి చెప్పకూడదా? నేను ఒకరినా దానికి?

కరీమా వెళ్ళి తలుపు తట్టి వచ్చింది. దీపం వెలుగుతోందట. అన్నం డబ్బా ఖాళీగానే బయటికి వచ్చిందట. పిలిస్తే పలకలేదట. తలుపు సందుల్లో, మూసిన కిటికీ సందుల్లో కూడా దూది కూరారు కదా, తట్టినా లోపలికి పోయిందో లేదో తెలియదంది.

ఐదు

అవును, నేనే పొడిచాను. రాసుకో. మగ్గం మీద పీట వేసుకుని, దాని మీదికెక్కి, పడుగు చాపే వెదురుతో అటక పొడిచాను. నా మోకాళ్ళ సంగతి నాకు తెలుసు. వెదురు తగిలిన చోట ఊకదూదికి కన్నం పడింది. ఆ కన్నం నా కళ్ళముందే మళ్ళీ కలిసిపోయింది. మళ్ళీ పొడిచాను. మళ్ళీ కలిసిపోయింది. కళ్ళల్లో, నోట్లో, నేస్తున్న పడుగు నిండా బూడిద పడింది. చివరికి వెదురు నల్లపలకకి తగిలింది. దాని మీద ముందు దెబ్బ కొట్టాను. చెమ్మ గోడ మీద చెప్పు విసిరినట్టు, చప్పుడన్నది లేదు.

ఇంతలో చలువ కారుతోందని మీ కచేరీలో గంట మోగింది. ఎస్తేరమ్మ వచ్చింది. ఈ గుట్ట మీద ఇళ్ళన్నీ చూసే అధికారిణి తనే. చెడ్డది కాదు. ఆ ఎండలో మొహమంతా కమిలి, కిటికీ అవతల నిలబడి నన్ను తిట్టింది. పడి కాలు విరిగితే ఎవరు చూస్తారని తిట్టింది. నేను కూర్చుని విన్నాను. నన్ను తిట్టే గొంతు విని చాలా రోజులైంది, తిట్టనీ అనుకున్నాను.

తిట్టడం అయ్యాక నాంచారమ్మ సంగతి అడిగాను. ఎస్తేరమ్మ చూపు తిప్పుకుంది.

"చెప్పకూడదు పెద్దమ్మా. నా ఉద్యోగం పోద్ది."

బతికుందా అన్నాను.

"అన్నం తింటంది," అంది. ఇంకేం చెప్పకుండా నీళ్ళు అడిగి తాగి వెళ్ళిపోయింది. తింటుందా, తినిపిస్తున్నారా అని నేను అడిగేలోపు వెళ్ళిపోయింది.

ఆరు

కరీమా నాంచారమ్మ సగం తెచ్చింది, ఖాళీ అన్నం డబ్బా పక్కన కిటికీలో పెట్టి ఉందట. ఈసారి కలిపి చూడలేదు, కలిపేందుకేమీ లేదు. కిటికీలోంచి మడత విప్పి లోపలికి ఇచ్చింది. నా ఒళ్ళో పరుచుకున్నాను.

కళ్ళు సరిగా ఆనవు, అందుకని వేళ్ళతో చూశాను. మొదట్లో నేత దాని నేతే. బిర్రుగా, గట్టిగా, పొగరుగా ఉంది. ఎర్రచార దగ్గర పేక లేకుండా పలక కొట్టిన చోట పడుగు దారాలు నలుగుతాయి. ఆ నలిగిన గుర్తు ఒకటి కాదు, వరసగా ఎన్నో ఉన్నాయి. ముందు దెబ్బ కొట్టి ఆగింది. వినపడక మళ్ళీ కొట్టింది. మళ్ళీ. నేనిక్కడ కొట్టి కూర్చున్నప్పుడే అదక్కడ కొట్టి కూర్చుంది. ఇద్దరం గోడకి చెరో పక్కన ముందు దెబ్బలే కొట్టుకున్నాం.

దాని తర్వాత నేత వదులైంది. ఎడమ అంచు దగ్గర బాగానే ఉంది, కుడికి పోయేకొద్దీ అంచు వాలిపోయింది. కుడిచేత్తో పేక దారం మోసే నాడె విసిరే బలం లేక మధ్యలో వదిలేసిన చోట దారం ఉచ్చులు పడి ఉంది. మళ్ళీ మొదలుపెట్టి నాలుగు వేళ్ళ వెడల్పు నేసింది. పసుపుచార రావలసిన చోట రంగు లేదు. అక్కడితో దారం ఆగింది. ముడి కూడా వేయలేదు. ముడి వేయకుండా మగ్గం దిగే మనిషి కాదు అది.

కరీమా అడిగింది, ఏమైంది మామ్మా ఆమెకి అని.

ఆ వదులు నేతని మడతపెట్టాను. దాని చేయి పడిపోయినప్పుడు నేను ఈ గోడకి ఇవతలే ఉన్నాను. పాత అటక అయి ఉంటే దెబ్బ తడబడిన మొదటి నిమిషంలోనే తెలిసేది. కేకలు పెట్టి వరుసంతా లేపేదాన్ని. నేనేమో నల్లపలకల కింద కూర్చుని, చల్లగా, కొలకర్రతో కొలుచుకుంటున్నాను.

ఏడు

దొంగతనం ఫిర్యాదుకి పద్ధతి వేరని ఎస్తేరమ్మ ఎప్పుడో చెప్పింది. దాన్ని పెట్టె చదివితే చాలదు. మనిషి వెళ్ళి, ఇంట్లోకి అడుగుపెట్టి, ఎదురుగా నిలబడి చదవాలి. జవాబు ఉన్నది ఉన్నట్టుగా తెచ్చి ఫిర్యాదు చేసినవాళ్ళకి చెప్పాలి. అది చట్టం.

అయితే రాసుకో. నాలుగో ఇంటి నాంచారమ్మ నా ముందు దెబ్బ దొంగిలించింది. అది నాది. మొదటినుంచీ నాది. నాకు తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే ఊరుకునేది లేదని, దాని పొగరు దించుతానని, నేను తిట్టినవి తిట్టినట్టే చదవాలి. ఒక్క తిట్టు తగ్గినా ఒప్పుకోను. చౌడమ్మ గొంతు పెంచి చెప్పిందని కూడా చెప్పాలి.

వస్తువు విలువ ఎంతా? వెల కట్టలేనిదని రాసుకో. సాక్షులా? వరుసంతా సాక్షులే, కానీ అటక కూరాక ఎవరికీ ఏమీ వినపడదు.

దానికి మెలకువ ఉంటే చాలు. నా తిట్లు వింటే ఊరుకోలేదు. మూతి వంకర పోయినా సరే, ఆ వంకర మూతితోనే ఎదురు తిడుతుంది. ఆ జవాబు వస్తే చాలు నాకు.

ఎనిమిది

ఎస్తేరమ్మ వచ్చింది. కిటికీ దగ్గర పీట వేసుకుని కూర్చుంది. చట్టం ప్రకారం వెళ్ళానని, ఇక చూసింది చెప్పొచ్చని అంది. నాంచారమ్మ మంచం మీద ఉందట. కుడివైపు చేయీ కాలూ ఆడడం లేదట, మాట లేదట. కచేరీ పంపిన ఆయా యంత్రం అన్నం తినిపిస్తోందట. మగ్గం మీద గుడ్డ కప్పి ఉందట.

"అంతా చదివినా పెద్దమ్మా," అంది. "తిట్లు కూడా. నాకే సిగ్గేసింది. ఆమె మాత్రం నవ్వింది, ఒక పక్కే."

తర్వాతేమైంది అన్నాను.

"జవాబేంది అనడిగినా. ఎడం చేత్తో మంచం పట్టె మీద కొట్టింది. ఇట్టా."

ఎస్తేరమ్మ కిటికీ చట్రం మీద వేళ్ళతో కొట్టి చూపించింది. రెండు. కాసేపు ఆగి, మళ్ళీ రెండు.

ముందు ఒకటి కొట్టిందేమో, నువ్వు మర్చిపోయావేమో, సరిగా గుర్తు చేసుకో అన్నాను. లేదంది. రెండేనంది. ఎన్నిసార్లడిగినా రెండేనంది. దానికి అర్థమేమిటని తను అడిగింది.

ఒప్పుకుందని చెప్పాను. ముందు దెబ్బ నాదేనని ఒప్పుకుందని. అయితే మీరు గెలిచారు కదా పెద్దమ్మా అని ఎస్తేరమ్మ సంతోషపడింది. పాపం, నాకోసమే సంతోషపడింది.

పెట్టే, ఇది రాసుకో. నాకా తీర్పు వద్దు. నాంచారమ్మ ఇన్నేళ్ళలో నాకు ఒక్క చారకి కూడా ముందు దెబ్బ ఇవ్వలేదు. అది ఇచ్చే మనిషి కాదు. లాక్కోవాలి, అది మళ్ళీ లాక్కోవాలి, అదే మా నేత. ఊరికే ఇచ్చేసిందంటే ఇక మగ్గం ఎక్కనని చెప్పి పంపినట్టు. ఆ దెబ్బ దానిదే. నేను అబద్ధం చెప్పాను, దొంగని నేనే అని రాసి పంపు. కోపం వచ్చేటట్టు రాసి పంపు.

సొత్తు వాపసు వచ్చింది కనుక ఈ ఫిర్యాదు పరిష్కారమైంది, మళ్ళీ తెరవలేమంటున్నావు. అలాగే. నువ్వూ ఏం చేస్తావు, నీకు నేర్పిన మాట అది.

తొలివాన ఎప్పుడో తెలియదు. ఆకాశబండి నీడ ఇప్పుడే కిటికీ మీదుగా పోయింది. ఇల్లు చల్లగా ఉంది. పక్కింట్లో బిడ్డ నిద్రపోతూ ఉంటుంది. నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. చార వేయాల్సిన చోటు వచ్చింది, ఎర్ర కండె చేతిలోనే ఉంది. ముందు దెబ్బ నేను కొట్టను. అది కొట్టేదాకా కూర్చుంటాను.